నెల జీతంలో కొత్త రుచికి చోటు

పరిమితమైన రాబడితో సంసారం నడుపుకొనే ఇంట్లో కొత్త వంటకమనో, కొత్త దినుసనో, కొత్త పనిముట్టనో మాట వినపడగానే పెద్దలు నొసలు చిట్లించడం మన వైపు పరిపాటి. "ఉన్నది చాలదా?" అన్నది మొదటి ప్రశ్న. "ఈ సోకులు మనకెందుకు?" అన్నది రెండవది. ఈ రెండు ప్రశ్నల వెనుక ఒక నమ్మకం దాగి ఉన్నది. రుచులు వెదుక్కోవడం కలిగినవారి హక్కనీ, కడుపు నింపుకోవడమే తక్కినవారి వంతనీ ఆ నమ్మకం. దానితో మేము ఏకీభవించలేము. కొత్తదానిని పరీక్షించి చూసే అలవాటు చిన్న జీతపు ఇంటికి కూడా అవసరమేననీ, అయితే ఆ పరీక్షను ఇంటివారు తమ చేతితో, తమ లెక్కతో జరుపుకోవాలే తప్ప దుకాణదారుకు అప్పగించరాదనీ మా అభిప్రాయం. ఆర్మూరు వంటి వ్యవసాయపు పట్నంలో, పసుపు కొమ్ముల నడుమ పెరిగిన విద్యార్థులకు ఈ మాట మరింత దగ్గరగా తాకుతుందని భావిస్తున్నాము.

పాశ్చాత్య దేశాల పత్రికలలో గృహ వ్యయం గురించిన శీర్షికలలో తరచుగా ద్రాక్ష మద్యాల ముచ్చట వస్తుంది. ఏ సీసా చౌక, ఏ సీసా రుచి అని అక్కడి గృహస్థులు చర్చించుకుంటారు. మన ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు కట్టిన దుకాణానికీ ద్రాక్షపండుకూ ఉన్న బంధుత్వమేమిటో ఆ బోర్డు రాసినవారికే తెలియాలి. దాని ప్రసక్తి మన లెక్కలోకి ఒకే విధంగా వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణానికి ఎదురు నిలిచినప్పుడు వారు లేవనెత్తినది ముందుగా సంసారపు లెక్క. కూలి డబ్బు ఇల్లు చేరక మునుపే దారిలో ఎందుకు ఆగిపోతున్నదని వారు నిలదీశారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చినది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది, 1997లో ఆ రెండవది సడలిపోయినది. ఆ కథ పెద్దది, దానిని ఇక్కడ విప్పబోము. ఇంటి ఖర్చు రాసుకునే పుస్తకంలో అన్నిటికంటె పెద్ద చిల్లు ఎక్కడ ఉన్నదో అక్కడ వేలు పెట్టకుండా ఉప్పు పప్పుల దగ్గర పొదుపు పాఠాలు చెప్పడం న్యాయం కాదని మాత్రం అంటాము.

ఇక పళ్ళెం సంగతి. మన పళ్ళెంలో పాతది ఏది? మిరపకాయ లేని తెలంగాణ కూరను ఊహించలేము. ఆ మిరప అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో పదహారవ శతాబ్దిలో ఈ దేశానికి చేరినది. టమాట, ఆలుగడ్డ ఆ ఖండం నుండి వచ్చినవే. వానాకాలం మొదటి జల్లులకు మన వీధులలో కాల్చి అమ్మే మక్కకంకి, శ్రావణంలో ఇంటింటా వేయించే మక్కగారె కూడ అక్కడి మొక్క చలవే. మొదటిసారి మిరపను నూరి కూరలో వేసిన ఇల్లాలిని ఆనాటి పెద్దలు "ఉన్న మిరియాలు చాలవా?" అని గద్దించి ఉండరా? ఆమె వారి మాట వినకపోవడం వల్లనే ఈనాడు మనకు పచ్చిపులుసులో రుచి ఉన్నది.

ఇంకా దగ్గరి ఉదాహరణ అన్నమే. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియైనది. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగరు ప్రాజెక్టుకు పునాదిరాయి పడినది. కాలువలు వచ్చిన చోట వరి వచ్చినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి, కాలువ ఎరుగని ఊళ్ళలో సైతం కుండలోకి తెల్లని అన్నం చేరినది. పండుగనాటి భోజనం నిత్య భోజనమైనది. ఇది చిన్న విషయం కాదు, దీనిని మేము తక్కువ చేయము. కాని ఈ మార్పులో జొన్న రొట్టె, గటక, అంబలి "బీదల తిండి" అనే ముద్రతో వెనుకకు జరిగిపోయినవి. ఇప్పుడు, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత, అదే జొన్న రంగు కాగితపు సంచిలో, అద్దాల దుకాణంలో, మూడింతల ధరకు "కొత్త ఆహారం"గా దర్శనమిస్తున్నది. తాత వదిలిన రొట్టెను మనుమడు ఆంగ్ల నామంతో కొనుక్కుంటున్నాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలను చూస్తే, నూరు గ్రాముల జొన్నలో పది గ్రాముల వరకు మాంసకృత్తులు, మరో పది గ్రాముల పీచు ఉన్నవి. పాలిష్ పట్టిన బియ్యంలో మాంసకృత్తులు ఎనిమిది గ్రాములు, పీచు మూడు గ్రాములకు లోపే. ఈ తేడా సంచి మీద బొమ్మ వల్ల వచ్చినది కాదు, గింజ వల్ల వచ్చినది. అంగడిలో తూకానికి కొని గిర్నిలో పట్టించుకున్న పిండికీ అదే గుణం ఉంటుంది.

ఆర్మూరు చుట్టూ పండే ఎర్రజొన్న మాత్రం మన రొట్టెకు కాదు. అది పశువుల మేతకు విత్తనంగా ఉత్తర రాష్ట్రాలకు లారీలలో వెళ్ళిపోతుంది. జొన్నచేల మధ్య నివసిస్తూ జొన్నపిండి పొట్లాలు కొనుక్కునే విచిత్రం మనది.

కొత్తది ఏ దారిన ఇంట్లోకి వస్తున్నదో పరిశీలించవలసి ఉన్నది. జర్మనీ దేశపు గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ (మార్క్సు మిత్రుడైన ఎంగెల్స్ వేరు సుమా) 1857లో ఒక సూత్రం చెప్పాడు. రాబడి పెరిగినకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందన్నది ఆ సూత్రం. మన దేశంలో 2022-23 గృహ వినియోగ సర్వే దీనినే ధ్రువపరచినది. గ్రామీణ కుటుంబాల వ్యయంలో తిండి వాటా 46 శాతానికి, పట్టణాలలో 39 శాతానికి దిగినది. కాని ఆ లెక్కల లోపల మరొక లెక్క ఉన్నది. గ్రామాలలో బియ్యం, గోధుమ మొదలైన ధాన్యాల మీద పెట్టే ఖర్చు మొత్తంలో 5 శాతానికి లోపు. పానీయాలు, ఫలహారాలు, తయారై వచ్చే తిండి మీద పెట్టేది 9 శాతానికి పైన! పట్టణాలలో ఈ రెండవది 10 శాతాన్ని దాటినది. అంటే మనం కొత్త రుచులు చూడడం లేదనే మాట అబద్ధం. ధాన్యానికి పెట్టేదానికి దాదాపు రెండింతలు పెట్టి చూస్తున్నాము. చాయ్ బండి దగ్గర, బేకరీలో, కిరాణా కొట్టు ముందు వేలాడే పొట్లాలలో, పరధ్యానంగా, పైసా పైసాగా చూస్తున్నాము. పెద్దలు గద్దించేది మాత్రం ఇంట్లో ఆడపిల్ల ఒక కొత్త కూర వండుతానన్నప్పుడు!

మా వాదనంతా ఈ అన్యాయం మీదనే. పొట్లంలో వచ్చిన కొత్తదనానికి ఎవరూ లెక్క అడగరు. పొయ్యి మీద పుట్టే కొత్తదనానికి అందరూ అడుగుతారు.

పొయ్యి మీద పుట్టే కొత్తదనం ఎంత చౌకయో మన పొరుగు ఇళ్ళే సాక్ష్యం. ఈ సంచిక రెండు భాషలలో వెలువడుతున్నట్లే మన వీధులలో వంటలు కూడ రెండు భాషలు మాట్లాడుతాయి. తెలుగు ఇంట్లో పుంటికూర అనేది ఉర్దూ ఇంట్లో అంబాడా. ఆకు ఒకటే. ఒకరు దానిని పప్పులో వేస్తే మరొకరు మాంసంలో వేశారు. చింతచెట్టు చిగురించే రోజులలో ఒక ఇంట్లో చిగురు పప్పు ఉడుకుతుంటే ప్రక్క ఇంట్లో చిగర్ గోష్త్ ఉడుకుతుంది. హైదరాబాదు వంటలలో పేరుపడిన ఈ చిగర్ గోష్త్‌లోని ఆకు పేదవాని పెరటి ఆకేనని గుర్తుంచుకోవాలి. కిచిడీ ప్రక్కన ముస్లిం ఇళ్ళలో వడ్డించే ఖట్టాను ఒకసారి జాగ్రత్తగా చూడండి. చింతపండు రసం, నువ్వులు, ఉల్లి, పచ్చిమిర్చి. నువ్వులు వేసిన మన పచ్చిపులుసుకు అది తోబుట్టువు కాదా? ఇక బగారా అన్నం లేని పెండ్లి భోజనం తెలంగాణలో ఏ మతస్థుల ఇంట్లోనైనా అరుదైపోయినది. ఈ మార్పిడులకు ఏ ప్రకటనా ఖర్చు కాలేదు. ప్రహరీ మీదుగా ఒక గిన్నె వెళ్ళినది. ఖాళీ గిన్నెను తిరిగి పంపరాదనే మర్యాద వల్ల మరొక కూర తిరిగి వచ్చినది. రంజాను నెలలో సాయంకాలపు పళ్ళాలు, సంక్రాంతి నాటి సకినాలు ఈ దారినే నడిచినవి. కొత్త వంటకానికి ఇంతకంటె చౌకైన పాఠశాల లేదు. పొరుగింటి అమ్మ ఇచ్చిన వంటకంలో ఆమె ఇరవై సంవత్సరాల పొరపాట్లు అప్పటికే దిద్దుకొని ఉంటాయి. చేతిఫోనులోని చిత్రంలో వండి చూపే యువకునికి ఆ పూచీ లేదు.

అచ్చులో వచ్చిన పాఠాలను మేము తోసిపుచ్చడం లేదు. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాల తరబడి నడిపిన మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం, వంట నేర్పే తల్లి దగ్గరలేని కొత్త కాపురాలకు ఎంతో ఉపకారం చేసినది. కొలత రాసి పెట్టడం అందులోని మేలు. మన ఇళ్ళలో "చేతికి వచ్చినంత" అనే కొలతతో ఎన్ని మంచి వంటలు ఆ చేతులతోపాటే మట్టిలో కలిసిపోయినవో!

కొలత అన్నాము గనుక ఖర్చు కొలత గురించి కూడ చెప్పవలసి ఉన్నది. నెలకు తిండికి వెచ్చించే ప్రతి నూరు రూపాయలలో రెండు రూపాయలను పరీక్షకని వేరు చేసుకోవడం మధ్యతరగతి ఇంటికి భారం కాదని మా అంచనా. ఆరు వేలు వెచ్చించే ఇంటికి అది నూట ఇరవై. ఆ సొమ్ము పోయినా పోయినట్లే అనుకోవాలి. అనుకోనివారు పరీక్ష చేయలేరు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఒకేసారి రెండు ద్రావకాలు మార్చిన విద్యార్థికి ఫలితం దేనివల్ల వచ్చినదో తెలియదు గదా; వంటయింట్లోనూ అంతే. తెలిసిన కూరలో ఒక్క దినుసు మార్చి, పావు వంతు కొలతతో వండి చూడాలి. మొదటి రోజు పొగడ్తలను నమ్మరాదు, అవి మర్యాద కొద్దీ వచ్చేవి. పది రోజుల తరువాత ఇంట్లో ఎవరైనా తమంతట తాము "ఆ కూర మళ్ళీ ఎప్పుడు?" అని అడిగితే అది నిలిచినట్లు. అడగకపోతే పుస్తకంలో గీత గీసి ముందుకు పోవడమే.

ఈ లెక్కలోకి రాని ఖర్చు ఒకటి ఉన్నది. నిజామాబాదు జిల్లాలో ఎన్ని వేల ఇళ్ళలో స్త్రీలు చాట ముందు కూర్చొని బీడీలు చుడుతున్నారో మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. మీలో చాలమంది ఫీజు ఆ చాటలో నుండే వచ్చినది. ఆమె కూలి గంటలతో రాదు, చుట్టిన బీడీల లెక్కతో వస్తుంది. కొత్త వంటకానికి పొయ్యి దగ్గర అదనంగా ఒక గంట నిలిచిందంటే ఆ గంటలో చుట్టవలసిన బీడీలు ఆగిపోయినట్లే. రొట్టె చౌకే, జొన్న చౌకే. మరి రొట్టె తట్టే చెయ్యి చౌకయా? జొన్న రొట్టె ఇళ్ళలో నుండి వెళ్ళిపోవడానికి రేషను బియ్యం ఒక్కటే కారణమని చరిత్రకారులు రాస్తే రాయనిండు. వేడి నీళ్ళతో పిండి కలిపి, ఒక్కొక్కటిగా తట్టి, మంట ఎదుట కాల్చే శ్రమ నుండి మన తల్లులు ఊపిరి పీల్చుకోవాలనుకోవడం కూడ ఒక కారణమే. కనుక "మన పూర్వుల ఆహారానికి తిరిగి రండి" అని వేదికల మీద ఉపన్యసించే మగవారిని మేము ఒక మాట అడుగుతాము. పిండి కలిపేది ఎవరు? 

గల్ఫు దేశాలకు వెళ్ళి వచ్చిన మన సోదరులను గమనించండి. ఆర్మూరు చుట్టుపక్కల అట్టి ఇల్లు లేని ఊరు అరుదు. వారి పెట్టెలలో పాలపొడి డబ్బాలు, నారింజ పానీయపు పొడి, ఖర్జూరాలు, అత్తరు సీసాలు, మిక్సీలు, దుప్పట్లు దిగుతాయి. ఊరంతా వాటిని చూసిపోతుంది. ఆ పెట్టె తెచ్చిన మనిషి అక్కడ ఏమి తిన్నాడని ఎవరూ అడగరు. పదిమంది ఒకే గదిలో ఉండి, వంతులు వేసుకొని, తానే వండుకున్నాడు. పప్పు ఎంతసేపు ఉడకాలో, అయిదుగురికి ఎంత బియ్యం పోయాలో, నెల చివర ఏ కూర వండితే జీతం నిలుస్తుందో అతనికి బాగా తెలుసు. ఇల్లు చేరిన మరునాడే ఆ విద్యను పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు! ఈ మధ్య మన పట్నాలలో వీధి వీధికీ వెలసిన మందీ హోటళ్ళలో కుటుంబంతో కూర్చొని వందల రూపాయలు చెల్లిస్తాడు. యెమెన్ దేశపు ఈ వంటకం మసాలాల ఆర్భాటం లేనిది. మాంసపు నీళ్ళలో ఉడికిన అన్నమే దాని ప్రాణం. దాని కిటుకు ఊరిలో ఎవరికైనా తెలిసి ఉంటే అది అతనికే తెలిసి ఉంటుంది. నెలకొక ఆదివారం అతడు వంటయింటి గడప దాటితే ఇంటికి కొత్త రుచీ, ఇల్లాలికి ఒక పూట విశ్రాంతీ ఒకే ఖర్చులో లభిస్తాయి.

పనిముట్ల విషయంలో మా అభిప్రాయం సంక్షిప్తంగా చెబుతాము. 1999లో దీపం పథకం క్రింద గ్యాసు పొయ్యి వచ్చిన ఇంట్లో ఇల్లాలి కళ్ళకూ ఊపిరితిత్తులకూ కలిగిన మేలును మించిన గృహ సంస్కరణ మా ఎరుకలో లేదు. ఒత్తిడి వంటపాత్ర మన దేశపు కర్మాగారాలలో 1959 నుండి తయారవుతున్నది, అది ఇంధనాన్నీ సమయాన్నీ రెంటినీ మిగిల్చినది. ఏ కొత్త పనిముట్టునైనా ఈ రెండింటి ప్రక్కన నిలబెట్టి చూడాలి. కొన్నవారి ఇంట్లో ఆరు నెలల తరువాత అది గట్టు మీద ఉన్నదా, అటక మీద ఉన్నదా అని వెళ్ళి చూసి రావడం అన్ని ప్రకటనలకంటె మంచి సమాచారం. చిన్న పొట్లాల సంగతి కొంచెం వేరు. 1983లో తమిళనాడులోని కడలూరు నుండి చిక్ షాంపూ చిన్న పొట్లంలో బయలుదేరి, సీసా కొనలేని ఇళ్ళకు కూడ చేరినది. పరీక్షకు ఆ పొట్లం మంచి సాధనమే, నచ్చకపోతే పోయేది రూపాయో రెండు రూపాయలో. పరీక్ష ముగిసిన తరువాత కూడ సంవత్సరాల తరబడి పొట్లాలలోనే నూనె, చాయపత్తి, మసాలా కొంటుంటే గ్రాము ధర ఎంత పడుతున్నదో ఒకసారి భాగించి చూడవలసిన పని గణిత విద్యార్థులది.

ఇప్పుడు పసుపు దగ్గరికి వస్తాము. ఇంతసేపు దూరం పెట్టినది చెప్పవలసినది ఎక్కువ ఉన్నందువల్లనే.

అయిదుగురు గల ఇంట్లో రోజుకు ఒక చెంచా, అంటే మూడు గ్రాముల పసుపు వాడుతారనుకుంటే సంవత్సరానికి కిలోకు కొంచెం పైన. ఇంత తక్కువ పరిమాణంలో, ఇంత ప్రతిరోజూ, ఇంత నమ్మకంతో వాడే దినుసు మరొకటి లేదు. ఆ నమ్మకాన్నే కొందరు వ్యాపారం చేసుకున్నారు. మెటానిల్ ఎల్లో అనే రంగు, సీసపు క్రోమేటు అనే విషం పసుపు పొడిలో కలుస్తున్నవి. బంగ్లాదేశంలో పసుపుకు మెరుగు కోసం సీసపు క్రోమేటు పూస్తున్నారని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించగా, అక్కడి ప్రభుత్వం కఠినంగా వ్యవహరించి కొద్ది సంవత్సరాలలోనే ఆ పాడు పనిని దాదాపుగా నిలిపివేసినది. 2024లో ప్రచురితమైన మరొక పరిశీలనలో పాట్నా, కరాచీ, పెషావరు బజారులలోని కొన్ని నమూనాలలో సీసం భయంకరమైన మోతాదులలో కనిపించినది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. పెద్దలకు జబ్బు చేస్తే తెలుస్తుంది, పిల్లవాని తెలివి కొంత తగ్గితే ఎవరికి తెలుస్తుంది? మందబుద్ధి అని వాని మీద ముద్ర వేస్తారు. ఒక కూరకు రంగు వచ్చినందుకు చెల్లించే ధర ఇది.

ఆర్మూరువారికి ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది, దానిని వాడుకోకపోవడమే ఆశ్చర్యం. తొమ్మిది నెలలు నేలలో ఉన్న పంటను తవ్వి, ఉడికించి, పది పదిహేను రోజులు కళ్ళాలలో ఆరబెట్టి, పీపాలలో తిప్పి మెరుగుపెట్టే పని జనవరి మొదలుకొని మన కళ్ళ ఎదుటనే జరుగుతుంది. పచ్చి పసుపు ఎండేసరికి సుమారు అయిదో వంతు మిగులుతుంది. అంత శ్రమతో తయారైన కొమ్ము సంచులలో ఊరు దాటి, ఎక్కడో పొడియై, ఎవరో పేరు తగిలించగా, మళ్ళీ మన కిరాణా కొట్టుకే వస్తున్నది. మధ్యలో ఏమి కలిసిందో మనకు తెలియదు. తెలిసిన రైతు దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలలలో కిలోన్నర కొమ్ములు కొని, విరిచి, ఎండబెట్టి, గిర్నిలో పట్టించుకుంటే ఏడాదికి సరిపోతుంది. మిగిలినది పట్నంలోని చుట్టాలకు ఇవ్వవచ్చు. విరిచినప్పుడు లోపల నారింజ రంగు కనిపించాలి. మెరుగు పైపైననే ఉన్న కొమ్ము వద్దు. ఇంతకంటె సులువైన "కొత్త పరీక్ష" మా ఎరుకలో లేదు. మొదటి చెంచా వేసిన నాడే కూర వాసనలో తేడా తెలుస్తుంది.

బజారు పొడినే వాడక తప్పనివారు గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగి నీళ్ళకు లేత రంగు మాత్రమే ఇస్తుంది, రంగు కలిపినదైతే నీళ్ళు చిక్కని పసుపు రంగులోనే ఉండిపోతాయి. ఇది మొదటి జల్లెడ మాత్రమే. సీసాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల కావాలి.

వైద్యపు పేరుతో వచ్చే కొత్త సరకు గురించి కూడ రెండు మాటలు. గాయానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇవ్వగా, మన శాస్త్రీయ పరిశోధనా మండలి అభ్యంతరం చెప్పి, పాత గ్రంథాల సాక్ష్యంతో 1997లో దానిని రద్దు చేయించినది. మన అమ్మమ్మల విద్యను మరొకరు తమదని రాసుకోబోయిన ఆ ఉదంతం అందరూ ఎరిగినదే. ఇప్పుడు పసుపు సారపు మాత్రలు సీసాలలో వస్తున్నవి. పసుపులోని కర్కుమిన్ ఒంటికి పట్టడం కష్టమనీ, మిరియాలలోని పైపరిన్ తోడైతే అది ఎన్నో రెట్లు మెరుగవుతుందనీ 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. పసుపు పాలలో మిరియం చిదిమి వేసిన వారెవరికీ ఆ సీసా అవసరం లేదు. పసుపుతో సర్వరోగాలు కుదురుతాయన్న ప్రచారాన్ని మాత్రం మేము సమర్థించము. జబ్బు చేసినవారు వైద్యుని దగ్గరికి వెళ్ళవలసిందే.

కొనేవాని లెక్క చెప్పి పండించేవాని లెక్క చెప్పకపోతే వ్యాసం సగమే. 2019 ఫిబ్రవరిలో పసుపు క్వింటాలుకు పదిహేను వేలు, ఎర్రజొన్నకు మూడు వేల అయిదు వందలు కావాలని రైతులు ఆర్మూరు వద్ద జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఆ సంవత్సరమే నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది అభ్యర్థులు నిలువగా వారిలో 178 మంది రైతులు. దేశమంతా ఆ ఎన్నికను వింతగా చూసినది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఆరంభమై దాని ప్రధాన కార్యాలయం నిజామాబాదుకే వచ్చినది. దాని ఫలితాలను రైతు కళ్ళంలో చూడాలి, అందుకు కాలం పడుతుంది. అంతవరకు ఊరివారు ఊరి కొమ్మును నేరుగా కొనడం వల్ల ధరలు మారిపోవు, నిజమే. కాని ఇంటికి కల్తీలేని పసుపు దక్కుతుంది, రైతుకు మధ్యవర్తి లేని నాలుగు కిలోల బేరం దక్కుతుంది. వంటకం ఊరికి ఉపాధి కాగలదని చెప్పడానికి మనకు అంకాపూరు ఉన్నది. ఇంట్లో వండే నాటుకోడి కూరనే ఆ ఊరివారు వండి పొట్లం కట్టి పంపసాగారు, నేడు రహదారిన వెళ్ళేవారు దారి మళ్ళి ఆ ఊరికి వస్తున్నారు. కల్తీలేని పసుపు పొడికి అటువంటి పేరు మన ఊరికి ఎందుకు రాదో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఆలోచించాలి.

కళాశాల పాలకవర్గం వారికి రెండు సూచనలు చేస్తున్నాము. ప్రతి విద్యార్థీ సంవత్సరానికొకసారి తన ఇంటి నుండి రెండు చెంచాల పసుపు కాగితంలో చుట్టి తేవాలి. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో అధ్యాపకుల చేతి మీదుగా దానిలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్కలు వేసి, నీటితో పలుచన చేసి చూడాలి. పలుచన చేసినా గులాబి రంగు పోకుండా నిలిస్తే అందులో మెటానిల్ ఎల్లో ఉన్నదని అర్థం. ఏ ఇంటి పొడి ఏమైనదో ఆ ఇంటికి మాత్రమే తెలియజేస్తే చాలును, వ్యాపారుల పేర్లు బోర్డు మీద రాయనక్కరలేదు. రెండవది, వచ్చే సంచిక నుండి తెలుగు, ఉర్దూ విభాగాలకు ఉమ్మడిగా ఒక పుట కేటాయించి, విద్యార్థుల ఇళ్ళ నుండి ఒక్కొక్క వంటకాన్ని కొలతతో, ధరతో, వండడానికి పట్టిన సమయంతో, వండినవారి పేరుతో రెండు లిపులలోనూ అచ్చు వేయాలి. మగపిల్లలు పంపే వంటకాలను వారే స్వయంగా వండి ఉండాలన్న నిబంధన పెట్టాలని మా మనవి. పుంటికూర శనగపప్పుతో ఆ పుటను ఆరంభించుటకు మేము సిద్ధము. శనగపప్పు పావు కిలో, పుంటికూర నాలుగు కట్టలు, ఎండుమిర్చి ఆరు, వెల్లుల్లి ఒక గడ్డ, పసుపు అర చెంచా. అయిదుగురికి రెండు పూటలు. ఉర్దూ విభాగం వారు దానికి అంబాడే కీ భాజీ అని పేరు పెట్టుకొని, వెల్లుల్లి ఎక్కువ వేయాలా తక్కువ వేయాలా అన్న విషయంలో మాతో వాదానికి రావచ్చును.